ఎండకు ఇవ్వని మూల

గద్వాల,
2 జూలై 2025

అత్తకు నిరోష రాస్తున్నది.

పదకొండు రోజులుగా నువ్వు నా ఫోన్ తీయడం లేదు. కారణం చీర అని నాన్న చెప్పాడు. ఆ చీర గురించి నీకు ఒకటి చెప్పాలి, నిన్ను ఒకటి అడగాలి. రెండూ ఈ నెలలోనే జరగాలి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. వనజక్క దగ్గరికి తీసుకుపోయి చదివించుకో. వనజక్కా, అంగన్‌వాడీలో పిల్లల అన్నం వేళ కాకుండా చూసుకుని చదువు.

రెండు రోజుల్లో తెస్తానని నీ పెట్టెలోంచి నాయినమ్మ చీర తీసుకుపోయాను. నలభై రోజులైంది. తప్పే. కానీ అది నా ఒంటి మీద లేదు. మా మేడం జయశ్రీ గారి బట్టల దుకాణంలో అద్దాల బీరువాలో ఉంది.

నేనేం పని చేస్తున్నానని నువ్వు అందరినీ అడుగుతున్నావట. చెప్తాను. పాత సంస్థానాల కాలంలో కోటల్లోని ఆడవాళ్లు లేత రంగులు కట్టేవారని మేడం అంటారు. ఆ రంగులను మళ్లీ నేయించి, ఇవాళ ఆఫీసులకు పోయేవాళ్లు రోజూ వేసుకునేటట్లు చొక్కాలు, కుర్తాలు, చున్నీలు, చీరలు చేయించాలని వారి ఆలోచన. పెళ్లికి కట్టి బీరువాలో పెట్టేవి కావు. నల్ల ప్యాంటు మీద ఒక లేత చొక్కా. ముదురు కుర్తా మీద ఒక లేత చున్నీ. ఒంటి మీద ఒక్కటే పాతకాలపు రంగు ఉండాలి, మిగతాది మామూలుగా ఉండాలి. అప్పుడది వేషంలా కనిపించదు. ఈ మాట నేనే చెప్పాను, మేడం రాసుకున్నారు. రంగులకు పేర్లు కూడా నేనే పెట్టాను: నానిన పెసరపప్పు, తాటి ముంజ, ఉల్లిపొర.

నిజం చెప్తున్నాను, నాకు మన వాళ్ల బట్టలు చూస్తే కళ్లు నొప్పి పుడతాయి. చిలకపచ్చ మీద గులాబి, దాని మీద అద్దాలు, దాని మీద జిగేలుమనే పూసలు. శేఖర్ బావ పెళ్లిలో మన వరుస వరుసంతా పటాకుల దుకాణంలా ఉంది. తక్కువ వెలుగులో ఎక్కువ అందం ఉంటుందని మన ఇంట్లో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు. నాకైతే నా చదువే ఆ మాట చెప్పింది.

నాయినమ్మ చీర చూసి మేడం కుర్చీలోంచి లేచారు. ఉల్లిపొర రంగు నూలు, గంధం రంగు పట్టంచు. ఇంత మెత్తని రంగు ఇప్పుడు ఎవరూ అద్దలేరన్నారు. దొరసాని ఇచ్చిందని నువ్వు చిన్నప్పటి నుంచి చెప్పేదానివి కదా, అదే చెప్పాను. ఆగస్టు రెండున వనపర్తిలో మా ప్రదర్శన. మధ్యలో ఈ చీర, పక్కన నేను రాసిన చీటీ ఉంటుంది: "సంస్థానపు దొరసాని కట్టిన చీర."

నాకు కావలసింది ఇదే. ఏ దొరసాని? ఏ సంవత్సరం? నీకు తెలిసినంత వనజక్కతో రాయించు.

నీ మేనకోడలు
నిరోష

•

తాడూరు,
9 జూలై 2025

నిరోషకు వనజక్క రాయునది. కాంతమ్మ పెద్దమ్మ నా ముంగట కూసున్నది. ఒక్క మాట మార్చినా ఊకోనన్నది. నువ్వు పేర్చిన పెసరపప్పు, తాటి ముంజలు చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, పెద్దమ్మకు రాలే. ఇగ పెద్దమ్మ చెప్తున్నది.

ఓ కోడలా. ఫోన్ల తిడితే గాలికి పోతది. కాయితం మీద తిడితే ఉంటది. అందుకే తీయలె. మంచిగ చదువుకో.

ఉల్లిపొర అన్నవా? ఉల్లిపొరను మేం పెంట మీద పారేస్తం. నువ్వు పైస పెట్టి కొనుమని చెప్తున్నవా? పెసరపప్పు నానవెడితె తింటరు గని కట్టుకుంటరానె? నీ చదువు గిట్ల కూరగాయల అంగడికి వచ్చి ఆగిందా?

లేత రంగులు ఎవరు కడ్తరో నేను చెప్త విను. నీడపట్టున కూసున్నోళ్లు కడ్తరు. మట్టి ముట్టనోళ్లు కడ్తరు. మిరపతోటల వంగి ఏరేటోళ్లకు, పత్తిచేన్ల మొగ్గలకు పుప్పొడి రాసి క్రాసింగు కొట్టేటోళ్లకు లేత రంగు పొద్దుగూకేదాంక ఉంటదా? మా పటాకుల దుకాణం చూసి నీ కండ్లు నొచ్చినయా? ఏడాదంత మన్ను రంగుల ఉంటం బిడ్డా. పెండ్లినాడు ఒక్కదినం కనవడాలని కడ్తం. మేం కనవడితె నీకేం నొప్పి?

నువ్వు మా పక్కన కూసునుడు బంద్ చేసినవని ఆ పెండ్లిలనే చూసిన. దొరసాని లెక్క ముడుచుకోని కూసున్నవ్. ఇప్పుడు అమ్మ చీర కూడ కావలసొచ్చింది నీకు, దొరసాని లెక్క కనవడనీకె.

ఏ దొరసాని అని అడిగినవ్. ఏ దొరసాని అయితె నీకేంది. చీర తే. నా బిడ్డ పూజకు నెలలు నిండుతున్నయి. నన్ను ఆ చీరల్నే ఊపిండ్రు, మీ నాయనను ఊపిండ్రు, పూజను ఊపిండ్రు, నిన్ను సుత ఊపిండ్రు. పిల్ల పుట్టినంక ఇరవై ఒకటో దినం తొట్టెల గట్టాలె. ఆ చీర లేక మన ఇంట్ల ఎన్నడు గట్టలె.

ఇంకోటి. చీర మూలకు ముడి ఉంటది, దారంతోని కుట్టి ఉంటది. గది తలాపు దిక్కు ఉంటది. దిష్టి తగలకుంట అమ్మ కట్టింది. దాన్ని విప్పితె జాగ్రత.

పెద్దమ్మ అయిపోయిందన్నది. మళ్ల లేచి ఇంకొక మాట రాయమన్నది: తింటున్నవా లేదా. ఇంతే.

కాంతమ్మ (వేలిముద్ర)
రాసినది: వనజ

•

గద్వాల,
14 జూలై 2025

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను దొరసానిలా కనిపించాలనుకుంటున్నానని అన్నావు. పెళ్లిలో ముడుచుకుని కూర్చున్నది గర్వంతో కాదు. ఆ రోజు నేను వేసుకున్న తెల్ల కుర్తా చూసి "ఎవరు సచ్చిండ్రె" అని నువ్వు పది మందిలో అడిగావు. నీకు గుర్తుండదు. నాకు గుర్తుంది.

మట్టి ముట్టనివాళ్లే లేత రంగులు కడతారంటే, నేను ఇప్పుడు మట్టి ముట్టడం లేదు. నన్ను చదివించింది అందుకే కదా. మరి కట్టుకుంటే తప్పేమిటి? మన ఇంట్లో మొదటిసారి ఒకరికి నీడ దొరికితే, ఆ నీడను కూడా తిట్టాలా?

సరే, నీకు నవ్వుకోవడానికి ఒకటి రాస్తాను. రోజువారీ వాడకం ఎలా ఉంటుందో చూడాలని మేడం నన్ను పెసరపప్పు రంగు చీరలో మానవపాడు నుంచి వనపర్తికి బస్సులో పంపారు. సీటు దొరకలేదు. ఒక పెద్దాయన మిరప బస్తా నా కాళ్ల మీద దించాడు. కండక్టరు టికెట్టు ఇస్తూ భుజం మీద సిరా చుక్క వేశాడు. ఒక పిల్లాడు మైసూర్‌పాక్ తిన్న చేతితో కుచ్చిళ్లు పట్టుకుని నిద్రపోయాడు. దిగేసరికి ఆ చీర మీద పాలమూరంతా ఉంది. నేను జాబితా రాసిస్తే మేడం చూసి, "మన కొనుగోలుదారులు బస్సెక్కరు" అన్నారు. రోజువారీ బట్టలన్నారు కదా అని నేననలేదు. అనాల్సింది.

మేడంకు కొన్ని తెలియవు, ఒప్పుకుంటాను. మగ్గం గుంటలో దిగి కూర్చునేవాళ్లను చూసి "ఎంత ప్రశాంతమైన పని" అంటారు. వాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయో అడగరు. కోట అనే మాట మాత్రం వాక్యానికి ఒకసారి ఉండాలి. అయినా ఆమె పుస్తకాలు చదివిన మనిషి, మన చీరను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె వేళ్లు వణికాయి. మన ఇంటి వస్తువును అంత మర్యాదగా పట్టుకున్నవాళ్లను నేను అంతకుముందు చూడలేదు.

రంగులద్దే నాగన్న తాత మాత్రం చీరను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఏంది తాతా" అంటే, "గిది అద్దిన రంగు కాదమ్మా, పోయిన రంగు" అన్నాడు. "అద్దిన లేతరంగు అంతట ఒక్కతీరుగ ఉంటది. గిది మడత మడతకు ఒక తీరుగ ఉన్నది సూడు." మేడం చిన్నగా నవ్వి, నాగన్నకు చరిత్ర తెలియదన్నారు. నేనూ నవ్వాను. ఆయన యాభై ఏళ్లుగా రంగు అద్దుతున్నాడు, కానీ చదువుకోలేదు.

చీర ఇప్పుడే తేలేను. ప్రదర్శన అయ్యాక తెస్తాను. పూజ వదినకు ఎలాగూ ఆగస్టు చివర కదా. అప్పటికి అందకపోతే బజారులో మంచి మెత్తని కొత్త తొట్టెలలు దొరుకుతున్నాయి, దోమతెరతో సహా. నేనే కొనిస్తాను.

ముడి సంగతి చూస్తాను. అన్నం తింటున్నాను.

నిరోష

•

తాడూరు,
24 జూలై 2025

నిరోషా, వనజక్కను. పూజకు ముందుగాలనే నొప్పులొచ్చినయి. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకపోయిండ్రు. ఇరవై తారీఖు నాడు ఆడపిల్ల. రెండున్నర కిలోలున్నది, తల్లీపిల్లా మంచిగున్నరు. ఇరవై ఒకటో దినం ఆగస్టు తొమ్మిదికి పడుతది. పెద్దమ్మ ఇయ్యాల తిట్టుడు లేదు, అదే నాకు భయమైతున్నది. చెప్తున్నది, రాస్తున్న.

దోమతెర తొట్టెల కొనిస్తనన్నవ్. కొను. అందుల మీ మేడంను పండవెట్టి ఊపు.

ఎవరు సచ్చిండ్రె అని నేనన్నది యాదికున్నది. నవ్వులకన్న. నీ మనసుకు గంత తగిలిందని తెల్వదు. గది అట్ల ఉండని.

దొరసాని చీర అని నువ్వు చీటీ రాసి పదిమందికి చూపెడ్తవని వనజ చదివింది. అప్పటి సంది నాకు అన్నం పోతలేదు. పేదోళ్ల ఇంట్ల ఒక అబద్ధం ఉంటె ఉంటది. గని దాన్ని అద్దాల పెట్టెల పెడ్తరని మా అమ్మ అనుకోలె. అందుకే చెప్తున్న. మీ నాయనకు సుత తెల్వదు ఈ ముచ్చట.

దొరసాని ఇయ్యలె. దొరసాని మాకు ఇచ్చింది ఏందంటె సద్ది గటక, గది కూడ పొద్దుగూకినంక. మీ తాత మల్లన్న కాలువ తవ్వనీకె దేశం పోయిండు. ఆరునెలలు తట్ట మోసిండు. తిరిగొస్తుంటె గద్వాలల దిగి, మగ్గం కాడికే పోయి, పట్టంచు చీర కొన్నడు. కొత్తది. ఎర్రది. నేను అప్పుడు అమ్మ కడుపుల ఉన్న.

ఇంటికి తెచ్చినంక పరేషాన్ అయిండ్రు ఇద్దరు. కూలిదాని ఒంటి మీద కొత్త పట్టంచు కనవడితె దొర గడి కాడ అడుగుతరు: యాడిదే? ఎవలది ఎత్తుకొచ్చినవే? ఇంకొకామె కట్టుకుంటె దొరసాని మీదికెల్లి గుంజిచ్చింది, అమ్మ కండ్లార చూసింది. దాసి పెడ్తె మీ తాత మనసు నొస్తది. కడ్తె పానం మీదికొస్తది.

అమ్మ ఏం చేసింది తెలుసా. ఆ ఎండకాలం అంత చవుడు నీళ్లల్ల నానవెట్టి నానవెట్టి గుట్ట బండ మీద ఆరేసింది. ఎవలు లేని కాడ. రంగు పోవాలని. కొత్త చీరను తన చేతులతోనే పాతది చేసింది. రంగంత ఎలిసినంక కట్టుకోని గడి ముంగటికెల్లి పోయింది. అడిగినోళ్లకు దొరసాని ఇచ్చిన పాత చీర అన్నది. దొరసానికి తను ఎవలికి ఏమిచ్చిందో యాదికుంటదా. ఊకున్నది. గట్ల కట్టింది మా అమ్మ.

గదే నీ ఉల్లిపొర. గదే నీ కోట రంగు. మీ మేడం చేతి ఏళ్లు వణికినయన్నవ్. మా అమ్మవి సుత వణికి ఉంటయి, చవుడు నీళ్లల్ల.

నేను పుట్టినసంది అది గిట్లనే ఉన్నది. ఎర్రదని అమ్మ చెప్పంగ ఇన్న. ఎట్లెరుపో నేను చూడలె. అరవై ఏండ్లొచ్చినయి.

చీర తే. నువ్వు రా, రాకపో, నీ ఇష్టం. చీర రావాలె.

కాంతమ్మ (వేలిముద్ర)
రాసినది: వనజ

•

గద్వాల,
31 జూలై 2025

అత్తా,

ముందు చెప్పాల్సింది ముందు చెప్తాను. చీర నా గదిలో ఉంది, నా పక్కన. దాన్ని ఎవరూ కోయలేదు. కానీ ముడి విప్పాను. విప్పింది మేడం కాదు, నేనే.

సోమవారం మధ్యాహ్నం మేడం చీరను బల్ల మీద పరిపించి, ఆ మూల ఉండ కట్టి అసహ్యంగా ఉంది, తీసి ఇస్త్రీ చేయించమన్నారు. వద్దని నువ్వు రాసింది నాకు గుర్తుంది. దిష్టి ముడి కదా, చదువుకున్నదాన్ని ఇలాంటివి పట్టించుకుంటే ఎలా అనుకున్నాను. బ్లేడుతో దారం తెంపాను. ఎన్ని కుట్లు వేసిందో నాయినమ్మ, మీద మీద, కుట్టు మీద కుట్టు. నవధాన్యాలో పసుపుకొమ్మో ఉంటుందనుకున్నాను. ముడి లోపల ఏమీ లేదు. ఉన్నది చీరే. తమలపాకంత చీర. ఎర్రగా.

నాగన్న తాతను పిలిచాను. ఆయన వంగి చూసి, వేలు పెట్టబోయి వెనక్కు తీసుకున్నాడు. "గట్టిగ ముడేసి కుట్టింది. లోపటికి నీళ్లు పోలె, ఎండ పోలె," అన్నాడు. "దాసుకున్నది." అప్పటికి నీ ఉత్తరం నాకు అందలేదు. ఎందుకు దాచుకుందో నాకు తెలియదు.

మేడం వచ్చి చూశారు. ముఖం మాడిపోయింది. చరిత్ర తెలిసిన మనిషి కదా, సంతోషిస్తుందనుకున్నాను. "ఇది కనిపిస్తే మొత్తం లేతరంగుల కథే పోతుంది, ఆ మూల కత్తిరించెయ్" అన్నారు. టైలరుకు చెప్పినట్లు, గోరు కత్తిరించమన్నట్లు. కథకు సరిపోని నిజం బెత్తెడే ఉందట, కోసేస్తే చరిత్ర బాగుంటుందట. ఇన్ని నెలలు ఈ మనిషి మాటలు నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. రేపు చేస్తానని చెప్పి ఇంటికి వచ్చాను. గుమ్మంలో నీ ఉత్తరం ఉంది.

మంగళవారం పొద్దున పోయి చీర మడత పెట్టి సంచిలో పెట్టుకున్నాను. నా చీటీ తీసేశాను. కొత్త చీటీ రాసి బల్ల మీద పెట్టాను: "కాలువ తవ్విన మల్లన్న కొన్నది. ఆయన భార్య జములమ్మ భయపడి రంగు పోగొట్టినది. ఎరుపు." మేడం చదివి, "ఇలాంటి కథను ఎవరు ఒంటి మీద వేసుకుంటారు, నిరోషా?" అన్నారు. "మా నాయినమ్మ వేసుకుంది మేడం," అన్నాను. పని పోయింది. ఆ దుకాణంలో ఉల్లిపొర రంగు చొక్కాలు మాత్రం బాగా అమ్ముడుపోతాయి. ఒకామె బతుకు కాపాడుకోవడానికి పోగొట్టుకున్న రంగును ఏసీ గదుల్లో కూర్చుని మెత్తగా ఉంది, శాంతంగా ఉంది అంటారు. అననీ. ఆ మాటలు వాళ్లకు నేర్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

నాగన్న తాతకు క్షమించమని చెప్పాను. "నవ్వితె రంగు పోతదా" అన్నాడు.

పటాకుల దుకాణం అన్నందుకు నిన్నూ క్షమించమంటున్నాను. మన వాళ్లు ఎందుకంత జిగేలుమంటారో ఇప్పుడు నాకు తెలుసు. అడిగేవాళ్లు లేని కాలం వచ్చిందని కడుతున్నారు. కానీ అత్తా, లేత రంగు నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆ మాట అబద్ధం ఆడలేను. నాకు ఎవరూ చెప్పకుండా, ఎవరికీ భయపడకుండా నేను ఎంచుకుంటే, అది కూడా నాదే కదా. నా తెల్ల కుర్తా వేసుకునే వస్తాను. ఎవరు చచ్చారని అడుగు. పది మందిలో అడుగు. నేను జవాబు చెప్తాను.

ఇప్పుడు ఎరుపు గురించి. నువ్వు చూడలేదన్నావు, నేను చూశాను. మిరపపండు ఎరుపు కాదు, అంతకంటే లోతు. కుంకుమ ఎరుపు కాదు, అంత పొడిగా లేదు. దానిమ్మ గింజను వెలుగుకు పెట్టి చూస్తే ఉంటుందే, ఆ రంగు. అరవై ఏళ్లు మూసి ఉన్నందుకు అంచుల్లో కొంచెం నలుపు తిరిగింది, నడుమ మాత్రం నిన్న మగ్గం దిగినట్లుంది. ఫోటో తీసి పంపగలను, వనజక్క ఫోన్‌లో చూపిస్తుంది. పంపను. నువ్వు మొదటిసారి దాన్ని తెర మీద చూడకూడదు.

నీ చేతిలో పెట్టేముందు ఒకటి తెలియాలి. ముడి నాయినమ్మ కట్టింది, తెంపింది నేను. మళ్లీ కట్టే హక్కు నాకు లేదు. ముడి లేకుండా తొట్టెల కడితే ఆ ఎరుపు పిల్ల తలాపున ఎండకు, నీళ్లకు వస్తుంది. ఉతికితే పోతుంది, ఈ పిల్ల పెద్దయ్యేసరికి అది కూడా ఉల్లిపొరే అవుతుంది. ముడి కడితే రంగు నిలుస్తుంది, మళ్లీ ఎవరూ చూడరు. నాయినమ్మ ఎవరి కోసం దాచిందో నువ్వే చెప్పగలవు, ఆమె కడుపులో ఉన్నది నువ్వే కాబట్టి.

కట్టాలా, విప్పి ఉంచాలా? ఫోన్ చేయకు, కాయితం మీద రాయించు, ఈ మాట గాలికి పోకూడదు. ఎనిమిదిన పొద్దటి బస్సుకు బయలుదేరుతాను. సూదీ ఎర్రదారమూ సంచిలో పెట్టుకోవాలో వద్దో నాకు తెలియాలి. ఆగస్టు ఆరో తారీఖు లోపల నీ జవాబు నాకు అందాలి.

నీ కోడలు
నిరోష